ఎగరకముందే అచ్చయిన విమానం

జరగని సంగతిని జరిగినట్టు నేను చాలాసార్లు రాశాను. పట్టుబడింది మాత్రం ఒక్కసారే.

జగిత్యాలలో ఒక దినపత్రికకు ముప్పై ఏళ్లు విలేకరిగా పనిచేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నవాణ్ని. ఫోన్లోనే వార్త కొట్టి, ఐదు నిమిషాల్లో ఆ ఫోన్లోనే చదువుకునే మీ తరానికి జిల్లా పేజీ సంగతి కొంచెం చెప్పాలి. సాయంత్రం ఐదున్నరకల్లా ఆ పేజీ మూసేసేవాళ్లు. మా దగ్గర సభలు, సన్మానాలు, ప్రారంభోత్సవాలు ఆరు దాటితే గానీ మొదలు కావు. అందుకని మధ్యాహ్నం భోజనం చేసి, ఆహ్వానపత్రం ముందు పెట్టుకుని, "కార్యక్రమం ఘనంగా జరిగింది, పలువురు ప్రసంగించారు" అని రాసి పంపేసేవాళ్లం. సాయంత్రం వెళ్లి అదంతా నిజమవుతుంటే కుర్చీలో కూర్చుని చూసేవాళ్లం. ఒక్కోసారి వక్త మైకు వైపు నడుస్తుంటే, ఈయన ఇందాకే మాట్లాడేశాడు కదా, మళ్లీ ఎందుకు లేచాడు అనిపించేది.

దాన్ని ముందు కాపీ అనేవాళ్లం. పెద్దవాళ్లు నాకు నేర్పారు, నేను నా తర్వాతివాళ్లకు నేర్పాను. సభలు ఎలాగూ జరుగుతాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. విమానం సభలాంటిది కాదని నాకు తట్టలేదు.

ఉద్యోగం చివరి ఏళ్లలో, చలి వెళ్లీ వెళ్లని రోజుల్లో, పసుపు ధర వార్త కోసం కోరుట్ల వెళ్లాను. ఊరి చుట్టూ పసుపు ఉడకబెడుతున్నారు. ఆ ఆవిరి వాసన రోడ్డు మీద అడుగెత్తున పరుచుకుని ఉంది. కళ్లాల్లో ఆరబోసిన కొమ్ముల మీద నుంచి గాలి వస్తే చొక్కా కూడా కొద్దిగా పచ్చబడుతుంది. అలాంటి మధ్యాహ్నం, ఎండకు కళ్లు మూతలు పడుతుండగా, ఒక సందులోంచి రెండు ఇంజన్ల మోత వినిపించింది. ఒకటి పాడుతుంటే ఇంకొకటి దాని వెనక సన్నగా మూలుగుతోంది. రెండూ ఒక క్షణం కలిసి మళ్లీ విడిపోతున్నాయి. నిద్రలో వినే చప్పుడులా ఉంది. దాని వెంట నడిచాను.

అది మందు కొట్టే పంపులు, గడ్డి కోసే మిషన్లు బాగుచేసే దుకాణం. లోపల బల్ల మీద మంచమంత విమానం ఉంది. దానికి అటొకటి, ఇటొకటి గడ్డి మిషన్ల నుంచి తీసిన పెట్రోలు ఇంజన్లు. వాటి మధ్య నలభై దాటిన మనిషి ఒంగి, డాక్టరు రోగి గుండె విన్నట్టు వింటున్నాడు. కౌంటరు దగ్గర ఆయన భార్య వాషర్లు ఏరుతోంది.

"పేపరాయన అచ్చిండు సూడు" అందామె, నా మెడలోని కెమెరా చూసి. "రాయుండ్రి సారూ, కోరుట్లల ఒకాయన పెండ్లాన్ని ఇడిశిపెట్టి ఇమానాన్ని చేసుకున్నడని."

మెకానిక్ నవ్వి ఇంజన్లు ఆపాడు. ఒక్కసారి వచ్చిన ఆ నిశ్శబ్దం నాకింకా గుర్తుంది.

ఆయన గొల్లపల్లి పక్క ఊరివాడు. తరతరాలుగా తాళ్లెక్కి కల్లు గీసే కుటుంబం. తండ్రి ఇంకా మోకు భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరతాడట.

"మా నాయిన చెట్టెక్కి కిందికి సూస్తడు సార్. నాకు కళ్లు తిరుగుతయి. కింద నిలవడి మీదికి సూసుడంటేనే నాకు పానం."

పెళ్లయిన కొత్తలో ఆయన దుబాయ్ వెళ్లాడు. కార్మికుల క్యాంపు కంచె అవతల ఇసుకలో, ప్రతి శుక్రవారం కొందరు వచ్చి చిన్న విమానాలు ఎగరేసేవారట. ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు కంచె పట్టుకుని నిలబడేవాడు. కొన్నాళ్లకు వాళ్లే లోపలికి పిలిచారు. ఇంజన్ మొరాయిస్తే బాగుచేయించుకున్నారు, తర్వాత రిమోట్ చేతికిచ్చి నేర్పారు. ఆ ఎడారిలో తనకు దొరికిన మంచి అదొక్కటేనని చెప్పాడు. తిరిగొచ్చి దుకాణం పెట్టుకున్నాడు. ఇప్పుడు పంపులు బ్యాటరీవి వచ్చేశాయి. పెద్ద రైతులు డ్రోన్‌తో మందు కొట్టిస్తున్నారు. పెట్రోలు ఇంజన్ పట్టుకుని వచ్చేవాళ్లు తగ్గిపోయారు. దుబాయ్ ఏజెంటు మళ్లీ వీసా తెచ్చాడు.

"ఈసారి పోతే ఐదేండ్లు" అంది భార్య, వాషర్ల డబ్బా మూస్తూ. అప్పుడు మాత్రం ఆమె గొంతులో వెటకారం లేదు.

వెళ్లకుండా ఉండటానికి ఒకే దారి ఉంది. జగిత్యాల దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాప్‌లో పని నేర్పే మనిషి కావాలి. ఈయన చదివింది పదో తరగతి. అయినా అక్కడి ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఈయన చేతిపని మీద నమ్మకం. విమానం తిన్నగా ఎగిరితే, ఆ ఒక్కటి చూపించి కాలేజీ చైర్మన్‌ను ఒప్పిస్తానని మాటిచ్చింది. ఏజెంటు గడువు వచ్చే బుధవారం.

తిన్నగా అన్న మాట దగ్గరే చిక్కంతా. రెండు ఇంజన్లూ ఒకే వైపు తిరుగుతాయి. పంకాలు రెండూ కలిసి ఒక వైపు తిరిగితే విమానం రెండో వైపు ఒరుగుతుంది, నేల వదలకముందే పక్కకు ఈడ్చుకుపోతుంది. అప్పటికి మూడుసార్లు కాలువలో పడింది. ఒకదాన్ని ఉల్టా తిప్పితే ఆ లాగుడూ ఈ లాగుడూ చెల్లిపోతాయి. అలాంటి ఇంజన్ కొనాలంటే ఇక్కడ దొరకదు. ఉన్నదాన్నే మార్చాలి.

"నడిచే ఇంజన్ ఉల్టా ఎట్ల నడుస్తది?" అని అడిగాను.

"ఇంజన్‌కు ఎడమేందో కుడేందో ఎర్కలేదు సార్. నిప్పు ఎప్పుడు పడ్డదో గదే ఎర్క. నిప్పు పడే యాళ్లను ఇటుకెల్లి అటు జరిపితే, అది గట్ల తిరుగుతది."

ఇంజన్ వెనక అయస్కాంతం ఉన్న చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని ఇరుసుకు పట్టించే గాడిని పూడ్చి, కొంచెం అవతల కొత్త గాడి తీయాలి. ఎంత అవతల అన్నదే విద్య. వెంట్రుకవాసి తేడా వస్తే ఇంజన్ ఎదురు తన్నుతుంది. ఆయన కుడిచేతి చూపుడు వేలు అప్పటికి వాచి వంకాయలా ఉంది. పాడైన చక్రాలు ఒక తీగకు దండలా గుచ్చి గోడకు వేలాడుతున్నాయి. చివరికి ఒకటి కుదిరింది. నేను వీధిలో విన్నది ఆ కుదిరినదాన్నే.

ఉల్టా తిరిగే ఇంజన్‌కు పంకా కూడా ఉల్టాది కావాలి. మామూలు పంకాను బీరువా అద్దం ముందు పెట్టి, అద్దంలో కనిపించేదాన్ని చూస్తూ టేకు చెక్కలో చెక్కాడు.

"అద్దం ముంగట నేను నిలవడి నెలైంది సారూ" అంది భార్య. "గా పంకకే బొట్టు పెట్టి పూలు పెడుతుండు."

ఇక మిగిలింది ఒక నట్టు. మామూలు పంకా తిరిగేకొద్దీ తన నట్టును తానే బిగించుకుంటుంది. ఉల్టా పంకా తిరిగేకొద్దీ ఊడదీసుకుంటుంది. అందుకని దాని నట్టుకు, అది ఎక్కే బోల్టుకు మర ఎడమవైపు కోయాలి. ఆ పని సిరిసిల్లలో మరమగ్గాలకు భాగాలు చేసే ఒక పెద్దాయన తన లేత్ మిషన్ మీద చేస్తానన్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి బస్సులో పంపుతాడు, అదే సాయంత్రం ఊరి బయట సాగు లేని పడావు నేలలో విమానం ఎగరాలి. ఇదీ ఏర్పాటు.

శుక్రవారం మధ్యాహ్నం జగిత్యాలలో భోజనం చేసి, ఫ్యాన్ కింద కళ్లు మూసుకున్నాను. రెప్పల వెనక విమానం లేచింది. పసుపు కళ్లాల మీద దాని నీడ పాకింది. పనివాళ్లు పారలు ఆపి తలెత్తారు. అది ఒకసారి చుట్టి, ఎండలో మెరిసి, చెప్పిన మాట విన్నట్టు మెల్లగా దిగింది. లేచి కూర్చుని అదంతా రాశాను. ముప్పై ఏళ్లలో అంత చక్కని వార్త నేను రాయలేదు. డెస్క్ ఇన్‌ఛార్జి ఫోన్ చేసి, "అన్నా, కథ చదివినట్టుంది, పేజీ నెత్తిన పెడుతున్నా" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయి కోరుట్ల బస్సెక్కాను.

పడావు నేలకు చేరేసరికి ఎండ మెత్తబడింది. విమానం ఉంది, మెకానిక్ ఉన్నాడు, నట్టు లేదు. సిరిసిల్లలో ఒక కార్ఖానాలో ఇరుసు విరిగి మగ్గాలు ఆగిపోయాయట. పెద్దాయన ఆ పనిలో పడి, రేపు పంపుతానని కబురు చేశాడు.

"రేపు పెట్టుకుందాం సార్" అన్నాడు మెకానిక్.

నా వార్త అప్పటికే పేజీ నెత్తిన కూర్చుని ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన నవ్వి, "అయితే ఫోన్ జేసి తీయించుండ్రి" అనేవాడు. అప్పటికింకా గంట టైముంది కూడా. నేను మాత్రం ఇలా అన్నాను:

"మామూలు నట్టే గట్టిగా బిగించు. ఒక్క చుట్టు చాలు. ఎంతసేపని?"

ఆయన నట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. పట్నం నుంచి పనిగట్టుకుని వచ్చిన మనిషి మాట తీసేయలేని మర్యాద ఆయనది. నట్టుకు గమ్ము పూసి, బలంకొద్దీ బిగించాడు.

రెండు ఇంజన్లూ అంటుకున్నాయి. నేను ముందు విన్న మూలుగు ఇప్పుడు లేదు. రెండూ ఒకే గొంతు. విమానం కదిలింది. ఇటు లాగలేదు, అటు లాగలేదు, మగ్గం మీద సాగదీసిన నూలులా తిన్నగా పోయింది. మెకానిక్ నోరు తెరిచి చూస్తున్నాడు. చక్రాలు నేలను వదిలాయా లేదా అన్న చోట, ఎడమ పంకా విడివడి, ఒక్కటే, విమానం కంటే ఎత్తుకు ఎగిరిపోయింది. విమానం గిర్రున తిరిగి రెక్క నేలకు గుద్దుకుంది.

పంకా చాలా దూరంగా, పసుపు కొమ్ముల మధ్య పడింది. ఆయన నడుచుకుంటూ వెళ్లి దాన్ని తెచ్చుకున్నాడు. నేను పక్కకు వెళ్లి డెస్కుకు ఫోన్ చేశాను. పేజీ వెళ్లిపోయిందన్నారు.

శనివారం పొద్దున పత్రిక వచ్చింది. పసుపు కళ్లాల మీద నీడ పాకింది, పనివాళ్లు పారలు ఆపారు, విమానం దిగింది. తొమ్మిదింటికల్లా ఆ ముక్క జిల్లాలో ఉన్న ఫోన్లన్నింట్లో తిరిగింది. నేను కోరుట్ల దుకాణానికి వెళ్లేసరికి మెకానిక్ విరిగిన రెక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన పత్రిక.

"మంచిగ రాసిండ్రు సార్" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు వెతికాను. లేదు. "నేను సుత జరసేపు ఎగిరిందేమో అనుకున్న."

భార్య లోపలినుంచి గబగబా వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. కాలేజీ నుంచి ఫోన్ వచ్చిందట. చైర్మన్ పత్రిక చూశాడు, ఇక వేరే చూపించాల్సిన పనిలేదు, సోమవారం సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చి చేరమన్నాడు.

"పేపర్ల పడ్డదంటే ఎగిరినట్టే" అంది ఆమె. "ఇగ ఊకోండ్రి ఇద్దరూ. సారూ, మీ కడుపు సల్లగుండ."

నేను ఊపిరి పీల్చుకున్నాను. నిజం చెబుతున్నాను, నాకు సంతోషమే వేసింది. అబద్ధం వల్ల ఒక మనిషి ఇల్లు నిలబడితే అది అబద్ధమెలా అవుతుందని, అక్కడ నిలబడ్డ రెండు నిమిషాల్లోనే ఒక వాదం కూడా తయారైంది.

మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. "సోమవారం పొయ్యి చేరిననుకో. పోరగాండ్లు అడుగుతరు, సార్, పంక ఊడకుంట ఎట్ల పట్టుకున్నదని. ఏం చెప్పాలె? పట్టుకోలే, ఊడింది, పేపర్ల మాత్రం పట్టుకున్నదనాల్నా?"

"చెప్పకు" అంది భార్య. "నవ్వి ఊకో. సార్లందరు గట్లనే చేస్తరు."

"నాతోని కాదు."

"దుబాయ్ పోవుడైతే నీతోని అయితదా?"

ఆయన లేచి బండి తాళం తీసుకున్నాడు. "సిరిసిల్ల పోతున్న, నట్టు తెచ్చుకుంట. మీరొస్తరా సార్?"

ఆయన వెనక కూర్చున్నాను. చందుర్తి దాటి, కోనరావుపేట వైపు అడ్డదారిలో, పచ్చటి వరి మళ్ల మధ్య బండి పోతూనే ఉంది. కొంగలు లేచి మళ్లీ దిగుతున్నాయి. ఆ దారి ఎప్పటికీ అయిపోకపోతే బాగుండునని అనుకున్నాను. అయిపోతే ఎవరో ఒకరికి ముఖం చూపించాలి.

సిరిసిల్లలో దిగగానే మగ్గాల చప్పుడు అరికాళ్లలోంచి పైకెక్కుతుంది. లేత్ దుకాణంలో పెద్దాయన కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. ఒక చేతిలో మా పత్రిక, రెండో చేతిలో ఆయన కోసిన నట్టు.

"రా తమ్మీ" అన్నాడు మెకానిక్‌తో. "పొద్దటిసంది గిదే సూస్తున్న. నట్టు నా చేతుల ఉన్నది. ఇమానం మీదికెట్ల లేచింది?"

మెకానిక్ నేల చూశాడు. ఆ ఊళ్లో, ఆ జిల్లాలో, ఆ వార్త అబద్ధమని చూడకుండానే తెలిసిన ఒకే ఒక్క మనిషి ఎదురుగా నిలబడ్డాను.

"లేవలేదు కాకా" అన్నాను. "నేనే ముందు రాసేసిన."

"ముందే?" ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "ముందే ఎట్ల రాస్తరు?"

మా పేజీ సంగతి, ఐదున్నర సంగతి, సభల సంగతి అన్నీ చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. మగ్గాల మోతలో గట్టిగా చెప్పాల్సి రావడం వల్ల, నా మాటలు నాకే వేరెవరో అరుస్తున్నట్టు వినిపించాయి.

"నలభై ఏండ్లసంది మర కోస్తున్న" అన్నాడు చివరికి. "ఒక్క చుట్టు తప్పు పోతే తీసి గా డబ్బల ఏస్తం." లేత్ కింద ఇనుప ముక్కలు నిండిన డబ్బా చూపించాడు. "మీ కాడ గసొంటి డబ్బ లేదా సార్?"

ఉందని చెప్పాను. సవరణ అంటారని, లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తారని చెప్పాను.

"ఎయ్యుండ్రి మరి."

"వేస్తే ఈయన ఉద్యోగం పోతది."

పెద్దాయన మెకానిక్ వైపు తిరిగాడు. మెకానిక్ కొత్త నట్టును కొత్త బోల్టుకు ఎక్కిస్తున్నాడు. ఎడమకు తిప్పుతుంటే అది మెత్తగా దిగుతోంది. పూర్తిగా దిగేదాకా తల ఎత్తలేదు. అప్పుడు అన్నాడు: "ఎయ్యుండ్రి సార్. మీది మీరు సూసుకోండ్రి. నాది నేను సూసుకుంట."

ఆదివారం మూడు వాక్యాలు రాసి పంపాను. కోరుట్ల మెకానిక్ తయారుచేసిన విమానం ఎగిరినట్లు శనివారం రాయడం పొరపాటు. విమానం ఎగరలేదు. సరైన నట్టు రాకముందే నడిపించమని విలేకరి తొందరపెట్టడం వల్లే పంకా ఊడిపోయింది. డెస్క్ ఇన్‌ఛార్జి చాలాసేపు వాదించాడు. "ఎవరికి నష్టం అన్నా, ఒక మనిషి పొట్ట ఎందుకు కొడతారు?" అన్నాడు. ఆ మాట నేను కూడా నాతో అనుకున్నదే కాబట్టి జవాబు తడుముకోలేదు. సోమవారం సవరణ వచ్చింది. మూడో వాక్యం రాలేదు. పత్రిక పరువు కోసం దాన్ని కోసేశారు.

మిగిలిన రెండు వాక్యాలూ చదివినవాడు ఏమనుకుంటాడు? ఎగరనిదాన్ని ఎగిరిందని మెకానిక్ డబ్బా కొట్టుకున్నాడనుకుంటాడు. చైర్మన్ అదే అనుకున్నాడు. శనివారం ఆ వార్తను తన బంధుమిత్రులందరికీ పంపి ఉన్నాడు కాబట్టి మరీ మండిపడ్డాడు. చేరడానికి సర్టిఫికెట్లతో వెళ్లిన మెకానిక్‌ను గేటు దగ్గరే తిప్పి పంపారు. మీకు చెప్పాలనుకున్నది ఇదే. తప్పు రాయడం కంటే, సగం దిద్దడం ఎక్కువ హాని చేసింది.

మంగళవారం నేను కాలేజీకి వెళ్లాను. ముప్పై ఏళ్లలో ఎన్నో గదుల్లోకి ప్రశ్నలు అడగడానికి వెళ్లినవాణ్ని, జవాబు చెప్పడానికి వెళ్లడం అదే మొదలు. ప్రిన్సిపాల్ మేడమ్ ముందు నిలబడి, పత్రికలో రాని మూడో వాక్యాన్ని నోటితో చెప్పాను. ఆమె కాగితాల మీద సంతకాలు పెడుతూనే విన్నది. ఉన్నట్టుండి కలం ఆగింది.

"ఊడింది ఏ పంకా?"

"ఉల్టా తిరిగేది మేడమ్."

"మామూలు నట్టుతోనే నడిపిండ్రా?"

"నేనే నడపమన్నా."

ఆమె ముఖంలో మెల్లగా నవ్వు వచ్చింది. "గట్ల ఊడిందంటే ఇంజన్ సక్కగ ఉల్టా తిరిగినట్టు కదండి. తిరగకపోతే నట్టు ఎందుకు ఊడుతది? ఆయన చేసిన పని సరిగ్గున్నదనేటందుకు గదే సాక్ష్యం." కాసేపు కిటికీలోంచి చూసింది. "రేపు పొద్దుగాల వస్త. చైర్మన్ సారుకు చెప్పకుండ్రి. పేపర్లో అసలే రాయకుండ్రి."

బుధవారం పొద్దున పడావు నేల మీద పలుచటి మంచు ఉంది. రెక్కకు సిరిసిల్ల బట్ట కొత్తగా అతికించి ఉంది. పెద్దాయన నట్టుతో పాటు దాన్నీ ఇచ్చాడు. మెకానిక్ భార్య కూడా వచ్చింది. శనివారం నుంచి ఆమె నాతో గానీ ఆయనతో గానీ మాట్లాడటం లేదు. మేడమ్‌కు మాత్రం ఫ్లాస్కులోంచి చాయ్ పోసింది. ఒక కప్పు నా దగ్గర కూడా పెట్టింది, నా వైపు చూడకుండా.

ఇంజన్లు అంటుకున్నాయి. విమానం తిన్నగా పోయింది. ఈసారి నేను కళ్లు మూసుకోలేదు. చక్రాలు నేలను వదిలిన చోటు నాకు కనిపించలేదు. ఉన్నట్టుండి విమానం కింద మంచు ఉంది, అంతే. నేను ఊహించి రాసినట్టు పనివాళ్లు పారలు ఆపలేదు, ఆ పొద్దున పసుపు కళ్లాల్లో పనివాళ్లే లేరు. నీడ పాకలేదు, ఎండ ఇంకా రాలేదు. చప్పుడు మాత్రం ఉంది. రెండు ఇంజన్లూ ఎదురెదురుగా తిరుగుతూ, ఒకదాని లాగుడును ఇంకొకటి తీసేసుకుంటూ, చేస్తున్న ఒకే సన్నని నాదం. అది దూరమై, మళ్లీ దగ్గరై, తల మీద నుంచి పోయింది. మెకానిక్ రిమోట్ పట్టుకుని, తల వెనక్కి వాల్చి, పెదాలు కొద్దిగా తెరిచి నిలబడ్డాడు. ఊపిరి కూడా తీసుకుంటున్నాడో లేదో తెలియలేదు.

ఆ వేసవి తర్వాత ఆయన కాలేజీలో తాత్కాలికంగా చేరాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. చైర్మన్ నాతో ఆ తర్వాత మాట్లాడలేదు. ఉద్యోగం చేసిన మిగతా రోజుల్లో ముందు కాపీ ఒక్కటి కూడా పంపలేదు, అందువల్ల నాకు తప్పిపోయిన వార్తలు లెక్కలేనన్ని. అవన్నీ తర్వాతి మాటలు. ఆ పొద్దున ఇంకా ఏదీ తేలలేదు.

విమానం మూడో చుట్టు తిరుగుతుండగా మేడమ్ ఖాళీ కప్పు కింద పెట్టింది. "చైర్మన్ సారుతో నేను మాట్లాడుకుంట. ఎండకాలం సెలవులైనంక కాలేజి తెరవంగనె వచ్చి చేరుమనుండ్రి" అంది, మెకానిక్‌తో కాదు, ఆయన భార్యతో. ఆయన వినే స్థితిలో లేడని ఆమెకూ తెలుసు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఆయన ఫోన్ భార్య చేతిలో ఉంది. దుబాయ్ ఏజెంటు. అతని గొంతు నాకు కూడా వినిపిస్తోంది: టికెట్ కొట్టాల్నా వద్దా, ఇయ్యాలే ఆఖరు, ఏడి మీ ఆయన, ఫోనియ్యి.

ఆమె పక్కనే నిలబడ్డ భర్త వైపు చూడలేదు. తలెత్తి మంచులోకి, ఆ నాదం వస్తున్న వైపు చూసింది.

"ఆయన మీద ఉన్నడే అన్నా" అంది. "ఇప్పట్ల దిగడు. ఇంకొకలను సూసుకో."